ఐరీన్ అంటే శాంతి

అమెరికాలోని ట్రాయ్ ఊరి ఆసుపత్రిలో నర్సు ఫారం తెచ్చి పాప పేరు అడిగింది. దివాకర్ మంచం మీదున్న భార్య చంద్రిక వైపు చూశాడు.

ఐదు నెలలుగా ఇద్దరికీ పేరు దగ్గరే తగువు. అతను ఫోన్‌లో గ్రీకు పేర్లు వెతికేవాడు. "మెలీసా అంటే తేనెటీగ. ఐరీన్ అంటే శాంతి. ఇక్కడి వాళ్ళకి ఈజీగా నోరు తిరుగుతుంది" అనేవాడు.

"నా కూతురు తేనెటీగా? మా అమ్మమ్మ పేరు పెడతాను, వకుళ అని. నోరు తిరక్కపోతే నేర్చుకుంటారులే" అని చంద్రిక కొట్టిపారేసేది.

ఇవాళ దివాకర్ వాదించలేదు. "వకుళ అనే రాస్తాను చందూ" అన్నాడు.

"వద్దు. ఐరీన్ అని రాయి."

"అదేంటి? నీకు నచ్చలేదుగా!"

ఊపిరి లేకుండా పుట్టిన పాపకు చంద్రిక దుప్పటి సరిచేసింది.

"వీసా అయిపోతే మనం వెళ్ళిపోతాం. ఇది ఒక్కతే ఈ ట్రాయ్‌లో, మట్టిలో ఉండిపోతుంది. దారిన పోయేవాళ్ళెవరైనా సమాధి దగ్గర ఆగితే, దీన్ని పేరు పెట్టి పిలవగలగాలి కదా."