గంప కింద పందికొక్కు

ఏ ఊళ్లోదైతేనేం గాని, ఒక పెరడుండేది. అక్కడ తప్పు ఎవరు చేసినా శిక్ష ఒక్కటే: గంప కింద మూసి, పైన రాయి పెట్టడం. గింజ దొంగిలించినా అంతే, గూడు పాడుచేసినా అంతే. తీర్పు చెప్పేది పుంజు.

ఓ వానరోజు, పందికొక్కు తవ్విన కన్నంలోంచి నీళ్లు పెట్ట గూటి మీదికి మళ్లాయి. గుడ్లు తడిసేలా ఉన్నాయి.

"గంప!" అని కూసింది పుంజు.

మూశారు. పైన రాయి ఉంది సరే, కింద ఉన్నది నేలే కదా! పందికొక్కు తవ్వుకుని దానిమ్మ చెట్టు దగ్గర తేలింది.

"మళ్లీ మూసి, ఇంకో రాయి పెట్టండి!" అంది పుంజు. ఈసారి పందికొక్కు సరిగ్గా పుంజు కాళ్ల కిందే తేలింది. పుంజు వెల్లకిలా పడింది. బాతులు పడీపడీ నవ్వాయి. ఆ కొత్త కన్నాల్లోంచీ నీళ్లు గూటికే పారాయి.

"చాలు మామా! ఇంకో రాయి పెట్టావంటే నా పిల్లలు ఈదుకుంటూ పుడతాయి," అంది పెట్ట. "ఒరేయ్ పందికొక్కూ, నా గూటి చుట్టూ కాలవ తవ్వి, నీళ్లు బాతుల గుంటలోకి పంపించు."

"తవ్వమంటున్నావా పిన్నీ? నన్నే?" అంటూ అది మట్టి ఎగజిమ్మింది. నీళ్లు గలగలా మళ్లాయి. బాతులు గంతులేశాయి.

"మరి శిక్షో?" అంది పుంజు, గంప పట్టుకుని.

పెట్ట ఆ గంప లాక్కుని, తిరగేసి గడ్డి పరిచింది. పందికొక్కు సాయం పట్టగా గుడ్లన్నీ అందులోకి చేర్చి, ఎక్కి కూర్చుంది.

"ఇన్నాళ్లూ దీన్ని బోర్లా వాడావు మామా!" అంది.