రొట్టె పంచుకునేవాళ్లు

ఆఫీసు సింకు కింద ఆ స్టీలు ప్లేటు కనబడ్డప్పుడల్లా హరికిషన్‌కి అన్నం సయించేది కాదు.

ఒక ప్లేటు, ఒక గ్లాసు. రెండింటికీ ఎర్ర నెయిల్‌పాలిష్‌తో చుక్క గుర్తు. గదులు ఊడ్చి, బాత్రూంలు కడిగే బాలమ్మవి. మధ్యాహ్నం కాగానే ఆవిడ వాటిని తీసుకుని బయట మెట్ల మీద కూర్చునేది. లోపల బల్ల చుట్టూ పదకొండు మంది, అందరూ డిగ్రీలున్నవాళ్లే, ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యిపెట్టి నవ్వుకుంటూ తినేవాళ్లు.

ఛీ! సైనిక్‌పురిలో, ఏసీ గదిలో కూడా ఇదేనా? ఇంత చదివి వీళ్లు నేర్చుకున్నదేమిటి? తన నాన్నకి ఎవరెవరి ఇళ్లలో నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారో హరికిషన్ మర్చిపోలేదు. తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు తనే.

కానీ ఉద్యోగం పర్మనెంటు కావాలంటే ఇంకో నెల ఆగాలి. నోరు మూసుకున్నాడు.

కంపెనీకి పదేళ్లు నిండిన రోజు భోజనాల దగ్గర ఎండీ విష్ణువర్ధన్ అన్నాడు. "ఏమయ్యా హరికిషన్, నువ్వో నాలుగు మంచి మాటలు చెప్పు."

హరికిషన్ లేచాడు. పోతే ఉద్యోగం పోనీ అనుకున్నాడు.

"కంపెనీ అనే మాటకి మూలం లాటిన్‌లో ఉంది సార్. కలిసి రొట్టె తినేవాళ్లని అర్థం. మరి బాలమ్మ ప్లేటు సింకు కింద ఎందుకుంది సార్? చూస్తుంటే అసహ్యమేస్తోంది."

విష్ణువర్ధన్ మొహం కందిపోయింది.

"ఎవరు పెట్టారది?"

"నేను చేరేటప్పటికే ఉంది సార్," అంది రిసెప్షన్‌లో కూర్చునే యోగిత.

హరికిషన్ మెట్ల దగ్గరికి వెళ్లాడు. "ఏందీ బిడ్డా, నన్నిడువు. నాకీడ మంచిగనే ఉంది," అంటున్నా వినకుండా బాలమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు.

ఎండీ స్వయంగా కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. తన కంచంలో రొట్టె తుంచి ఆవిడ చేతిలో పెట్టాడు. చప్పట్లు మోగాయి. యోగిత ఫొటో తీసింది. హరికిషన్‌కి నాన్న గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

బాలమ్మ తినలేదు. ముక్కని రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని చూస్తోంది.

"తినమ్మా. ఇక నీకే భయమూ లేదు. నీ ప్లేటు వేరుపెట్టే ధైర్యం ఇంకెవరూ చెయ్యరు," అన్నాడు హరికిషన్.

"గా ప్లేటు అలగ్ పెట్టుకున్నది నేనే బిడ్డా, బాత్రూంలు కడిగేదాన్ని గద, మీలో సబ్బు ముట్టకుండ బయటికొచ్చేటోళ్లు ఎవలెవలో నాకు ఎరుకే."