మొదటి విడత పరామర్శ

భిక్షపతి ఇంట్లో సీటు రాలేదన్న వార్త పాల ప్యాకెట్ల కంటే ముందే కట్టంగూర్ వీధి చివరిదాకా వెళ్ళింది.

తాను పనిచేసే బట్టల దుకాణంలో అతను అన్నది ఒక్కటే మాట. “డిగ్రీ మొదటి విడతల మావోళ్లకు సీటు రాలే.” మిగతాది జనమే పూర్తి చేసుకున్నారు. ఇంట్లో ఎంత ఏడ్చారో, ఎన్ని పూటలు తినలేదో కూడా.

కోరుకున్నది నల్లగొండ సర్కారు కాలేజీ. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అది కాకపోతే హుజూర్‌నగర్‌లో ఓ ప్రైవేటు కాలేజీ, హాస్టలు. సర్కారు కాలేజీకి రెండో విడత ఇంకా ఉంది. దానికి మళ్ళీ దరఖాస్తు పెట్టడమా, ఆశ వదులుకోవడమా అన్నది రేపటిలోగా తేలాలి.

తేల్చడానికి బంధువులు బయల్దేరారు.

ముందు ఎల్లేశం వచ్చాడు. భిక్షపతికి పెద్దనాన్న కొడుకు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి చదువుల గురించి అన్నీ తెలుసు. దవాఖానలో రోగిని చూడడానికి వచ్చినట్టు అరటిపండ్లు తెచ్చాడు.

భిక్షపతి కూతురు అఖిల మూల కుర్చీలో ఇంటర్ పుస్తకం తెరిచి కూర్చుంది.

“చూసినవా, ఇంకా పుస్తకం ఇడుస్తలేదు,” అని ఎల్లేశం నిట్టూర్చాడు. “మార్కులెన్నొచ్చినయి బిడ్డా?”

అఖిల నోరు తెరిచేలోగా వంటింటి గుమ్మంలోంచి తల్లి అందుకుంది. “తెలుగుల తొంభై ఒకటి బావా. హిస్టరీల ఎనభై ఎనిమిది. ఎకనామిక్సే జర దెబ్బ కొట్టింది.”

“తల్లికి నోటికొచ్చు. పిల్లకేమో నోరే లేదు.” ఎల్లేశం భిక్షపతి వైపు తిరిగాడు. “హుజూర్‌నగర్ హాస్టల్ల ఎయ్యిరా. ఏమైతది?”

“హాస్టల్ కుదరదన్నా.” భిక్షపతి నేల చూశాడు. “ఇంట్ల మాకు శాన ఇబ్బందైతది.”

బిడ్డను విడిచి ఉండలేని తండ్రి! ఎల్లేశం అతని భుజం తట్టాడు. ఆ సాయంత్రానికి భిక్షపతి వెక్కి వెక్కి ఏడ్చాడని వీధిలో చెప్పుకున్నారు.

“అది గాదు బావా, అసలు...” అంది అఖిల తల్లి.

“నువ్వు జర చాయ పెట్టమ్మా. గీ చదువుల లెక్కలు నీకెర్క గావు.”

ఆమె వెళ్ళింది. అఖిల పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది. దాని వెనక భుజాలు అదురుతున్నాయి.

“ఏడ్వకు బిడ్డా,” అన్నాడు ఎల్లేశం. “ఒక్క ఏడు పోతే ఏమైతది? నీకేమన్న వయసు దాటిపోయిందా?”

వంటింట్లో గిన్నె కింద పడింది.

పక్కింటి జీనత్ వచ్చేసరికి చాయ కూడా వచ్చింది. జీనత్ బట్టలు కుడుతుంది. మెడలో టేపుతోనే వచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. చక్కెర లేదు.

“తల్లి మనసు,” అని ఎల్లేశం వివరించాడు. “పిల్ల దుఃఖంల చక్కెర యాదికుంటదా?”

“ఫికర్ చెయ్యకు బేటా,” అంది జీనత్. “మా చెల్లె బిడ్డ జబీన్‌కు గూడ మొదటిసారి రాలే. రెండో విడతల వచ్చింది.”

“నిజంగనా ఆపా?” అఖిల తల్లి తట్ట పట్టుకునే ముందుకొచ్చింది. “అదే కాలేజీల ఇచ్చిన్రా?”

“అదే కాలేజీ. ముందటిసారి వచ్చినోళ్లు కొందరు చేరరు. గా సీట్లు మిగులుతయి. ఎన్కకు తగ్గొద్దు, మళ్ల గదే పెట్టాలె.”

“మరి ఎకనామిక్స్ తక్కువున్నా ఇస్తరా?”

“ఇస్తరు.”

“ఇస్తరంటవా?”

“ఎన్నిసార్లు అడుగుతవే!” జీనత్ నవ్వింది. “నీ బిడ్డకన్నా నీకే తొందరున్నట్టుంది.”

పుస్తకం వెనక భుజాలు మరీ ఎక్కువగా అదిరాయి. ఎల్లేశం ఒక అరటిపండు ఒలిచి అఖిల చేతికిచ్చాడు.

చివరికి వెంకటనర్సమ్మ దిగింది. భిక్షపతికి మేనత్త. ఆత్మకూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆ కుటుంబానికి వచ్చిన సంబంధాల్లో సగం ఆమె కుదిర్చినవే. మిగతా సగం కుదరకపోవడానికీ ఆమే కారణం.

మంచం మీద కూర్చోకముందే మొదలుపెట్టింది. “ఏందిరా, చావు జరిగిన ఇల్లు లెక్క గిట్ల కూసున్నరు?”

“సీటు రాలే అత్తా,” అన్నాడు ఎల్లేశం. “ఏం చేద్దామా అని ఆలోచిస్తున్నం.”

“ఆలోచించుడెందుకు? ఆడిపిల్లకు మొదటి విడత, రెండో విడత ఏందిరా? తిప్పర్తిల నాకెరికున్న పిలగాడున్నడు. కిరాయి కార్లు తిప్పుతడు. సప్పుడు జేయక పెండ్లి జేసి పారెయ్యిండ్రి.”

భిక్షపతి దగ్గాడు. “అత్తా, జర ఆగు...”

“నువ్వాగు. నేనెంతమందిని చూడలే! మెడల పుస్తె పడిందంటే చదువు మీద పానం అదే పోతది. ఏడాది తిరిగేసరికి పుస్తకాలు యాదికి గూడ రావు.”

ఎల్లేశం తల ఊపాడు. జీనత్ ఊపలేదు.

అఖిల పుస్తకం దించింది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వీ నవ్వీ వచ్చినవి. ఇప్పుడు మాత్రం నవ్వడం లేదు. తల్లివైపు చూస్తోంది.

తల్లి ఖాళీ గ్లాసులు ఒక్కొక్కటే తట్టలో సర్దింది. తట్టను కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“గిదే ముచ్చట చెప్పి ఇరవై ఏండ్ల కింద ఇంటర్ల నుంచి లేపి నా పెండ్లి నువ్వే జేసినవు గదత్తా, అయినా చదువు మీద పానం పోలే, గా ఇంటర్ మార్కులు నావే, రెండో విడతల గూడ నా పేరు గా నల్లగొండ కాలేజీకే పెడుత.”