ఎడమవైపు తైవో

అలసందల్లో రాళ్ళు ఏరుతూనే తల్లి అడిగింది. "ఇవాళైనా తీస్తావా, మళ్ళీ తప్పించుకుంటావా?"

కెహిండే కెమెరా అద్దం తుడుస్తోంది. చీకటి పడేలోగా లాగోస్ చేరాలి. ఆమె తీసిన మొదటి సినిమా రేపు అక్కడ వేస్తున్నారు. ఒగున్ నది, ఆ నీళ్ళలో వణికే ముఖాలు, అంతే సినిమా. మనిషిని నేరుగా చూపించకూడదు, నీళ్ళు చూపించినంతే చూపించాలని ఆమె పట్టుదల. అందుకోసమే తన కవల చెల్లెలు తైవోను నదిలోకి దింపింది.

"అక్కడ అందరూ నిన్నే పొగుడుతారు," అంది తల్లి. "ముఖం దానిది, పేరు నీది."

"అమ్మా!"

"అమ్మా లేదు, గిమ్మా లేదు. ఊరందరికీ ఫోటోలు తీస్తావు. కవలల్ని కన్నదాన్ని, నా గోడకి ఒక్కటీ లేదు. ఏడాదిగా అడుగుతున్నాను. తీశాకే గడప దాటు. ఏమే తైవో, నువ్వైనా చెప్పు దీనికి!"

తైవో చెప్పలేదు. నది దగ్గర షూటింగ్ రోజు నుంచీ తైవో అక్కతో ఒక్క మాటా మాట్లాడలేదు. తిట్టినా బాగుండునని కెహిండే ఎన్నోసార్లు అనుకుంది.

"పుట్టినప్పుడూ ఇంతేగా," తల్లి గొణిగింది. "లోకం ఎలా ఉందో చూసి రమ్మని చెల్లెల్ని ముందు తోశావు. మనవాళ్ళ లెక్కలో వెనక పుట్టినదే పెద్దది కదా, తీరిగ్గా వెనకాల వచ్చావు. కాదనడం దానికి చేతకాదు."

కెహిండే చేతిలో గుడ్డ ఆగిపోయింది. 'ముందు నువ్వు దిగవే, వెలుగు పోతోంది' అని ఆ రోజు కూడా తనే అంది.

అలసందలు ఉడికాయి. తల్లి పామాయిల్ కలిపి రెండు పళ్ళేల్లో పెట్టింది.

"దానికే ఎక్కువ పెట్టావు," అంది కెహిండే, మాట తేలిక చేద్దామని.

"అది అడగదు కదా మరి."

తిన్నాననిపించి కెహిండే లేచింది. తల్లి పెట్టెలోంచి నీలం గౌను తీసి చేతికిచ్చింది. "ఇద్దరికీ ఇదే. ఎడమవైపు తైవో, కుడివైపు నువ్వు. తైవో నవ్వాలి."

"అది నవ్వదమ్మా."

"నవ్వించు. దానికోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

బెంచీ ఎడమ కొస మీద కెహిండే వెలుగు సరిచూసింది. కెమెరా క్లిక్‌మంది. కాసేపటికి మళ్ళీ క్లిక్‌మంది. ఆ తర్వాత ఆమె ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు తల ఎత్తకుండా కూర్చుంది.

ఫోటో గోడకెక్కింది. ఒకే బెంచీ, ఒకే నీలం. కుడివైపు పిల్ల కళ్ళు దించుకుంది. ఎడమవైపు పిల్ల నవ్వుతోంది. తల్లి ఆ నవ్వును వేలితో తడిమింది.

"నా బంగారం, ఎన్నాళ్ళకి నవ్వింది! ఇక బయల్దేరండి. ఇద్దరూ జాగ్రత్త."

ఆ ఫోటోలో ఇద్దరుగా కూర్చున్న కెహిండే, నదిలోంచి తిరిగి రాని చెల్లెలి నవ్వు కూడా తనే నవ్వి, ఒక్కతే గడప దాటింది.