కంకణం కట్టిన మూడు రోజులు

కాలువ గేటు పక్కనున్న పలక మీద లస్కరు పుల్లయ్య సుద్దముక్కతో ఆ రోజు నీటిమట్టం రాశాడు. అన్నీ వంకర అక్షరాలే. సున్నా మాత్రం గుండ్రంగా కుదిరింది.

వెంకటకృష్ణారావు అటు చూడలేదు. కాలువ చిట్టచివర ఆయనకు మూడెకరాలుంది. వరి పొట్ట మీదుంది. వారంలో తడి అందకపోతే కంకి బయటికొచ్చినా గింజ ఉండదు. అంతా తాలే.

"ఏం పుల్లయ్యా, ఇక రానట్టేనా?"

"గేటు తెరిచే ఉందండీ. వచ్చే నీళ్ళుంటేగా."

కారణాలు ఊరంతటికీ కంఠతా వచ్చు. ఎగువన వానల్లేవు. డ్యాములు నిండలేదు. బెజవాడ బ్యారేజీ నుంచి కాలువలకు సగమే వదిలారు. సముద్రం వేడెక్కిందని టీవీలో ఎవరో చెప్పారు. అన్నీ నిజమే కావచ్చు. ఏదీ ఈ గట్టు మీద తేలేది కాదు.

"మీరు భక్తిపరులు. దేవుణ్ణే అడగండి," అన్నాడు పుల్లయ్య.

ఇద్దరూ గట్టు మీద చాలాసేపు కూర్చున్నారు.

వెంకటకృష్ణారావు ఇంటికొచ్చి భార్య పద్మావతమ్మతో చెప్పాడు. "శివాలయంలో మూడు రోజులు వరుణ జపం చేయిద్దాం."

మర్నాడే స్కూటర్ మీద పద్మావతమ్మను ఎక్కించుకుని పిలుపులకు బయల్దేరాడు. సొంత ఊళ్ళో ఒక్క గుమ్మం తొక్కలేదు. పామర్రు దాటి, కాలువ వెంట పై ఊళ్ళకు వెళ్ళాడు. జేబులోంచి కాగితం తీసి చూసుకోవడం, ఆ ఇంటి ముందు ఆగడం. పద్మావతమ్మ ఇల్లాలికి బొట్టు పెట్టడం.

"మనవాళ్ళని వదిలేసి వీళ్ళనెందుకండీ?"

"మన శివారు వాళ్ళ ఏడుపు దేవుడికి అలవాటైపోయిందే. పైవాళ్ళు అడిగితే వింటాడేమో."

అక్కడ పెద్ద రైతు నాగేశ్వరరావు నవ్వాడు. "మా చేలు పచ్చగానే ఉన్నాయిగా బాబాయ్. మాకెందుకు జపం?"

"కడుపు నిండినవాడు అడిగితే ఆశ అనుకోడురా దేవుడు."

బొట్టు పెట్టాక కాదనలేకపోయాడు.

ఇరవై ఆరు జంటలు ఇళ్ళకు తాళాలేసి వచ్చాయి.

"ఒక్కరోజు చేసినా దోషం లేదండీ. ఇంతమందికి మూడు రోజుల భోజనాలంటే మాటలా?" అన్నాడు పూజారి దత్తాత్రేయశర్మ.

"ఇంట్లో ఉన్న బియ్యం ఉడుకుతాయి లెండి. మూడు రోజులు ఉండాల్సిందే."

శర్మ అందరికీ కంకణాలు కట్టాడు. కంకణం కట్టుకున్నవాళ్ళు జపం ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. వెంకటకృష్ణారావు తన కాగితాన్ని మడిచి కలశం కింద పెట్టాడు.

"ఏమిటండీ అది?" అన్నాడు శర్మ.

"అందరి పేర్లూనండీ. స్వామి దృష్టిలో ఉంటాయని."

మొదటి రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. రెండో రోజూ అంతే. నాగేశ్వరరావుకు కాలు నిలవలేదు.

"ఓ గంట వెళ్ళి చేను చూసొస్తా బాబాయ్."

"కంకణం ఉంది నాయనా."

అతను చేతికేసి చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు. వెంకటకృష్ణారావు కళ్ళు మూసుకున్నాడు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం పుల్లయ్య సైకిలు గుడి గోడకు ఆనించి లోపలికొచ్చాడు.

"నీళ్ళొచ్చాయండీ."

అందరూ గేటు దగ్గరికి నడిచారు. చినుకు పడలేదు. అయినా ఎర్రటి నీళ్ళు నురగతో వచ్చి, గేటు దాటి, నెర్రెలిచ్చిన మూడెకరాల్లోకి పాకుతున్నాయి. మట్టి బుసబుసమంటూ తాగుతోంది.

నాగేశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావా బాబాయ్. మేం అడిగితే ఇచ్చాడు."

"మీరే ఇచ్చారురా," అన్నాడు వెంకటకృష్ణారావు. రెండు చేతులూ జోడించాడు. కానీ ముఖంలో సంతోషం లేదు. పది రోజులు పోతే చేనుకు మళ్ళీ తడి కావాలి.

సాయంత్రం కంకణాలు విప్పుకుని అందరూ వెళ్ళిపోయాక, పద్మావతమ్మ కలశం ఎత్తి, చెమ్మగిల్లిన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని విప్పితే, ఇరవై ఆరు పేర్లున్నాయి, వాటి పైన గేటు పలక మీది వంకర అక్షరాలతోనే, "కాలువలో దొంగచాటుగా ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడుతున్నవాళ్ళు" అని రాసి ఉంది.