మనిషికి ఒక్క ముక్క

పెద్దాయన చెయ్యి మళ్లీ పళ్లెం మీదికి వచ్చింది.

పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

“మనిషికి ఒక్క ముక్కే పెద్దాయనా,” అంది యూలలీ నవ్వుతూనే. ఈ విహార ఓడలో పనికి చేరినవాళ్లకు మొదట నేర్పేది ఆ నవ్వే.

“ఈ రెండూ ఇచ్చెయ్యి తల్లీ, మళ్లీ అడగను,” అన్నాడాయన బొంగురు గొంతుతో.

పొద్దున్నా అదే మాట అన్నాడు.

ముక్కల్ని కాగితం రుమాల్లో చుట్టుకుని, మెడ చుట్టూ మఫ్లర్ సర్దుకుని వెళ్లిపోయాడు. కరీబియన్ ఎండలో మఫ్లరేమిటో ఆ దేవుడికే తెలియాలి.

ఈతకొలను పక్కన యూలలీది చిన్న బల్ల. దాని మీద పోన్ అనే తీపి రొట్టె ముక్కలు. కర్రపెండలం తురుము, కొబ్బరి, బెల్లపు చక్కెర, జాజికాయ కలిపి కాల్చినవి. వచ్చేపోయేవాళ్లు ఊరికే రుచి చూడ్డానికి పెట్టారు. ఊరికే అంటే మాత్రం ఎవరికి కావాలి? అవతల పిజ్జాలూ ఊరికే పెడుతున్నారు.

నాలుగేళ్లు ఆమె ఈ ఓడ అడుగున దుప్పట్లు ఉతికింది. అక్కడ కిటికీ లేదు. నాలుగేళ్లు సముద్రం మీదే ఉండి సముద్రాన్ని సరిగ్గా చూసింది లేదు. గ్రెనడాలో అమ్మమ్మ చేసినట్టు పోన్ చేసి పెడతానని కాళ్లావేళ్లా పడితే, ఈ ఒక్క ప్రయాణానికి పైకి రానిచ్చారు.

ఆమె చేతికి నొక్కితే లెక్క చూపించే మీట ఒకటి ఇచ్చారు. బల్ల దగ్గర కొత్త మనిషి ఆగితే ఒక నొక్కు. ఏడు రోజుల్లో మూడు వందల నొక్కులు పడాలి.

“పడకపోతే బల్ల తీసేస్తాం. నువ్వు మళ్లీ అడుక్కి,” అని రెండో రోజే చెప్పేశాడు పై అధికారి ఓర్విల్. పెద్దాయన పక్కనే నిలబడి ఉండగానే చెప్పాడు.

ఐదో రోజుకు నూట పది పడ్డాయి. ఒకే మనిషి ఇరవైసార్లు వచ్చినా ఒక్క నొక్కే. దొంగ నొక్కు నొక్కడం యూలలీకి చేతకాదు.

నిజం చెప్పాలంటే మొదట్లో పెద్దాయన వస్తే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. ఓడలో ఇంతమంది ఉన్నా ఆమెను పేరు పెట్టి పిలిచింది ఆయనొక్కడే.

“ఇది తింటే ఎలా ఉంటుందో చెప్పు యూలలీ,” అనేవాడు.

“తిని మీరే చెప్పండి!”

“తర్వాత తింటాలే. నువ్వు చెప్పు.”

ఆమె చెప్పేది. పైన పెచ్చు పంటి కింద కరకరమంటుందని, లోపల మెత్తగా సాగుతుందని, మింగేశాక కూడా జాజికాయ గొంతులో కాసేపు నిలుస్తుందని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఒక్కోసారి మళ్లీ చెప్పమనేవాడు.

ఆ మధ్యాహ్నం పెద్దాయన ఐదోసారి వచ్చేసరికి ఓర్విల్ అక్కడే ఉన్నాడు.

“ఈ ముసలాయన్ని మేపడానికా నిన్ను పైకి తెచ్చింది?” అన్నాడు అందరూ వినేలా, ఆమె ఊళ్లో మాట్లాడే యాసలోనే. కుర్చీల్లో పడుకున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

యూలలీకి ఒళ్లు మండిపోయింది. ఓర్విల్‌ని ఏమీ అనడానికి లేదు కదా. ఆ మంటంతా పెద్దాయన మీదికి మళ్లింది.

“ఇది రుచి చూడ్డానికి పెట్టింది, మూట కట్టుకుపోవడానికి కాదు. తింటే నా ఎదురుగా ఇక్కడే తినండి. లేకపోతే ఇంకెప్పుడూ రాకండి!”

పెద్దాయన చేతిలోని ముక్క వైపు చాలాసేపు చూశాడు.

“ఇక్కడ తినలేనమ్మా,” అన్నాడు మెల్లగా.

“ఏం, నామోషీనా?”

ఆయన ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టి, మఫ్లర్ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆరో రోజు ఆయన రాలేదు. యూలలీ పళ్లెం ముందు ఒంటరిగా నిలబడింది. ఆయన వచ్చే వైపు పదిసార్లు చూసి, ఎందుకు చూస్తున్నానా అని తన మీద తనే విసుక్కుంది.

పదకొండింటికి ఒకావిడ వచ్చింది.

“ఆ జాజికాయ ముక్క ఇదేనా? మఫ్లర్ పెద్దాయన నిన్న ఒకటి చేతిలో పెట్టాడు. మా చెల్లెళ్లకు కూడా కావాలి.”

నొక్కు. నొక్కు. నొక్కు.

తర్వాత ఒక జంట. ఆ వెనక పేకాట ఆడుకునే ముసలాళ్లు ఎనిమిది మంది.

“పైన కరకర, లోపల మెత్తన! గొంతులో జాజికాయ నిలుస్తుందట కదా? ఆ పెద్దాయన చెబుతుంటేనే నోరూరిందమ్మాయ్. ప్రతి గది తలుపూ తట్టి ఇదే పాటట!”

అవి ఆమె మాటలే. ఒక్కటీ పొల్లుపోలేదు.

సాయంత్రానికి మూడు వందల పన్నెండు. ఓర్విల్ మీట అటూ ఇటూ తిప్పి చూసి, “వచ్చే ప్రయాణానికి రెండు పళ్లేలు చెయ్యి,” అని వెళ్లిపోయాడు.

యూలలీకి సంతోషం కలగలేదు. ఇంకెప్పుడూ రాకండి అన్న తన మాటే చెవిలో గింగురుమంటోంది.

ఏడో రోజు పొద్దున్న ఓడ బ్రిడ్జ్‌టౌన్ రేవులో ఆగింది. యూలలీ పొయ్యిలోంచి అప్పుడే తీసిన ముక్క, పెచ్చు బాగా ఎర్రబడిన అంచు ముక్క, రుమాల్లో చుట్టుకుని పెద్దాయన గదికి పరుగెత్తింది.

తలుపు బార్లా తీసి ఉంది. గదులు చూసే కెల్లన్ పక్క దులుపుతున్నాడు.

“పెద్దాయనేడి?”

“తెల్లారగానే దిగిపోయాడక్కా. ఏం కావాలి?”

“ఇది ఇద్దామని. వేడిగా ఉంది. ఒక్కటైనా నా ఎదురుగా తింటాడని...”

కెల్లన్ చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది.

“నీకు తెలియదా అక్కా, ఆయన గొంతులోంచి మెతుకు దిగి మూడేళ్లయింది, ఈ ఓడలో ఉన్నన్నాళ్లూ మూడు పూటలా పొట్టలోకి వేసిన గొట్టంలో పాలు పోసింది నేనే.”