ఎర్రగీత అవతల

"ఇంతసేపు ఏం వెతుకుతున్నారు?" అని అడిగింది ఆమె, గుమ్మంలో బయటివాళ్లని ఆపే ఎర్రగీత అవతల నిలబడి.

"ఈ ట్రేలో ఉండాల్సిన కత్తెరండి" అన్నాడు పెద్దాయన.

ఆపరేషన్ సామాన్లు కడిగి, ఆవిరి మిషన్లో పెట్టి, ట్రేలు సర్దే గది అది. ముప్ఫై ఏళ్లుగా పెద్దాయనదే ఆ పని. తోడు చెల్లెమ్మ. సొంత చెల్లెలు కాదు, పన్నెండేళ్లుగా పక్కన నిలబడి కడిగే మనిషి. ఈ పని బయటి కంపెనీకి ఇచ్చెయ్యాలా వద్దా అని చూడ్డానికి హెడ్డాఫీసు నుంచి ఎవరో వస్తారని ఆస్పత్రిలో వారం నుంచి అనుకుంటున్నారు. ట్రే అందలేదని ఒకే పేషెంటు ఆపరేషన్ మూడుసార్లు వాయిదా పడింది మరి.

ఆమె నిన్న కూడా వచ్చింది. శాలువా కప్పుకుని, చేతిగడియారం చూసుకుంటూ, కాగితం మీద ఏదో రాసుకుంటూ నిలబడింది. ఎక్కడి నుంచని అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. గడియారం మేడమ్ అని చెల్లెమ్మ పేరు పెట్టేసింది. లోపలికి రమ్మంటే తను గీత దాటకూడదంది. టీ ఇస్తే పడదంది. లంచమనుకుంటుందేమోనని చెల్లెమ్మ గ్లాసు వెనక్కి తీసుకుని తనే తాగేసింది. పది నిమిషాలకోసారి ఆమె డొక్క పట్టుకుని బెంచీ మీద కూర్చునేది. కుర్చీ ఉద్యోగం, నిలబడే అలవాటెక్కడిది అని చెల్లెమ్మ గొణిగింది.

ఇవాళ ఆ కాగితం చూపించింది. కడగడం ఇరవై నిమిషాలు. మిషన్లో ఒక గంట. వెతకడం రెండు గంటల పది నిమిషాలు.

"అన్ని ట్రేల సామాన్లూ ఒకే సింకులో ఎందుకు పోస్తున్నారు?"

"ఎప్పుడూ అంతేనండి."

"ముందు కలపడమెందుకు, తర్వాత వెతకడమెందుకు? పది చొక్కాల ముక్కలు ఒకే కుప్ప పోస్తే ఒక్క చొక్కా అయినా వేళకి తయారవుతుందా?"

చొక్కాల గురించి మాట్లాడే అధికారిని పెద్దాయన ఎప్పుడూ చూడలేదు. మాట మాత్రం గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్లూ తను పని చేశాడా, వెతికాడా?

"మిషన్ టైము కూడా తగ్గించమంటారా?"

"ఒక్క నిమిషం కూడా వద్దు" అంది వెంటనే. "వెతకడం తగ్గించండి చాలు."

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టారు. ఒక ట్రే వస్తే దాన్నే కడగడం, దాన్నే ఎంచడం, దాన్నే సర్దడం. రేపు ముందు కావాల్సింది ముందు. చెల్లెమ్మ మొదట సణిగింది. సాయంత్రానికి ఏం చెయ్యాలో తోచక, తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

"అన్నా, ఉద్యోగం పోతే పోయింది గానీ ఇవాళ్టి పని బాగుంది" అంది.

మర్నాడు పొద్దున థియేటర్ సిస్టర్ ఫోన్ చెయ్యకముందే ట్రే సిద్ధం. పెద్దాయనే పైకి తీసుకెళ్లాడు. మూడుసార్లు వాయిదా పడిన ఆ పేషెంటుదే మొదటి ఆపరేషన్. తప్పు మాదేనని ఆ మనిషికి ఒక్క మాట చెప్పుకోవాలనిపించింది.

థియేటర్ గుమ్మం దగ్గర కూడా ఒక ఎర్రగీత ఉంది. ట్రే సిస్టర్‌కి అందించి ఆయన గోడవారకి జరిగాడు. తలుపులు తెరుచుకున్నాయి.

గీత దాటుతున్న స్ట్రెచర్ మీద గడియారం మేడమ్ ఉంది.